కృపవల్లే రక్షణ అయితే విధేయత ఎందుకు? విధేయత తప్పితే రక్షణ పోతుందా?

వందనాలమ్మా. మీరు రాసింది పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైనంతలో ముందు కుదించి చెప్తాను. చిన్నప్పటి నుంచి చర్చిలో పెరిగారు, బాప్తిస్మం తీసుకున్నారు. మీ ఊరి సంఘంలో, సినిమాకు వెళ్ళినా, నగలు పెట్టుకున్నా, ఆదివారం ఆరాధన మానేసినా, దశమభాగం (సంపాదనలో పదో వంతు కానుక) ఎగ్గొట్టినా రక్షణ పోతుందని విన్నారు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. అక్కడి చర్చిలో "అంతా కృపే, మనం చేసేది ఏమీ లేదు, రిలాక్స్ అవ్వండి" అంటున్నారు. మీకేమో ఆదివారాలు షిఫ్టు పడుతోంది, జీతంలో సగం ఇంటికి పంపాక దశమభాగం ఇవ్వలేకపోతున్నారు. రాత్రి పడుకోగానే "ఇప్పుడు చనిపోతే నా సంగతేంటి" అని టెన్షన్. ఇద్దరిలో ఎవరి మాట నిజం అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. రక్షణ, అంటే పాపం నుంచి విడుదల, కృపవల్లే, అంటే మన అర్హత చూడకుండా దేవుడు చూపే దయవల్లే. మీ విధేయత దానికి కట్టే వెల కాదు. అయితే కృప పొందిన మనిషిలో విధేయత పుట్టి తీరుతుంది. ఏళ్ళు గడిచినా దాని జాడే లేకపోతే, ఆ మనిషి నిజంగా కృపను పొందాడా అని అడగాల్సిందే. మీరు రాసిన నాలుగు విషయాల్లో ఏదీ మీ రక్షణను తీసేసేది కాదు. మీ ఊరి సంఘం ఒక పొరపాటు చేస్తోంది, హైదరాబాద్ సంఘం ఇంకో పొరపాటు చేస్తోంది.

నేను ప్రకాశం జిల్లా పల్లెల్లో చాలా ఏళ్ళు పాస్టరుగా పనిచేశాను, ఆ తర్వాత బైబిల్ స్కూల్లో పాఠాలు చెప్పాను. ఈ ప్రశ్న అడగని బ్యాచ్ లేదు. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ఎఫెసీ 2వ అధ్యాయం 8, 9 వచనాలు మన పిల్లలందరికీ కంఠతా వచ్చు. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు... అది క్రియలవలన కలిగినది కాదు." సండే స్కూల్లో బహుమతి కోసం అక్కడిదాకా అప్పజెప్పి కూర్చుంటారు. తర్వాతి వచనం చాలామందికి రాదు. దేవుడు ముందుగానే సిద్ధపరచిన సత్‌క్రియలు చేయడానికే మనం క్రీస్తులో సృష్టింపబడ్డాం అని పదో వచనం. ఆ పత్రిక రాసిన పౌలు రెండు మాటలూ ఒకే గుక్కలో చెప్పాడు. క్రియలవల్ల రక్షణ రాదు, రక్షణ వచ్చింది క్రియల కోసం. మీరు వెళ్ళిన రెండు సంఘాలూ ఈ మూడు వచనాలను చెరో ముక్కగా పంచుకున్నాయి, అంతే.

ఈ వరస పౌలుతో మొదలైంది కూడా కాదు. నిర్గమకాండం చూడండి. పది ఆజ్ఞలు వచ్చేది 20వ అధ్యాయంలో. అప్పటికి ఐగుప్తులో బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయులకు పస్కా రాత్రి అయిపోయింది, ఎర్రసముద్రం దాటేశారు, మన్నా తింటున్నారు. పది ఆజ్ఞలకు ముందుమాట కూడా అదే: దాసుల గృహమైన ఐగుప్తులోనుంచి నిన్ను బయటికి తెచ్చిన దేవుడను నేనే. ఆ మాట తర్వాతే "నేను తప్ప వేరొక దేవుడు నీకు ఉండకూడదు" అని మొదలవుతుంది. ఐగుప్తులో ఉండగా పది ఆజ్ఞల లిస్టు ఇచ్చి, ఇవి పాటిస్తే విడిపిస్తానని దేవుడు అనలేదు. విడిపించాక, విడుదల పొందినవాళ్ళు ఎలా బతకాలో చెప్పాడు. ఈ వరస తిరగేస్తే ధర్మశాస్త్రం భారమైపోతుంది. ఆజ్ఞలను మొత్తానికి తీసేస్తే విడుదల ఎందుకు దొరికిందో అర్థం కాకుండా పోతుంది.

"మరి యాకోబు క్రియలు లేని విశ్వాసం మృతం అన్నాడుగా" అంటారు. నిజమే. ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్‌కే ఆ పత్రిక మింగుడుపడలేదు. 1522లో తన కొత్త నిబంధనకు రాసిన ముందుమాటలో దాన్ని గడ్డి పత్రిక అన్నాడు (తర్వాతి ముద్రణల్లో ఆ మాట తీసేశాడు, బైబిల్లోనుంచి పత్రికను మాత్రం తీయలేదు). ఇక్కడ పౌలు, యాకోబు ఇద్దరూ అబ్రాహామునే సాక్షిగా పిలుస్తారు, కానీ అతని జీవితంలో వేరువేరు రోజుల్ని చూపిస్తారు. పౌలు చూపించేది ఆదికాండం 15: అబ్రాహాము నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది. అప్పటికి ఇష్మాయేలు కూడా పుట్టలేదు. అబ్రాహాముకు ఇష్మాయేలు పుట్టింది 86వ ఏట, సున్నతి జరిగింది 99వ ఏట. అంటే నీతిమంతుడన్న మాట వచ్చాక తక్కువలో తక్కువ 13 ఏళ్ళకు సున్నతి. రోమా 4లో పౌలు వాదన మొత్తం ఈ తేడా మీదే నిలబడింది. యాకోబు చూపించేది ఆదికాండం 22, ఇస్సాకును బలిపీఠం మీదికి ఎక్కించిన రోజు. ఎన్నో ఏళ్ళ క్రితం నమ్మిన మనిషి ఆ నమ్మకం ఎంత నిజమో ఆ రోజు నడిచి చూపించాడు. పౌలు, "నాకు సున్నతి ఉంది, ధర్మశాస్త్రం ఉంది" అనేవాళ్ళతో మాట్లాడుతున్నాడు. యాకోబు, బట్టలు లేని సహోదరుణ్ణి "వెచ్చగా ఉండు నాయనా" అని దీవించి ఉత్త చేతులతో పంపేసే వాళ్ళతో మాట్లాడుతున్నాడు. రోగం వేరు కాబట్టి మందు వేరు.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. "క్యాథలిక్కులు క్రియలవల్ల రక్షణ అంటారు, మనం కృపవల్ల అంటాం" అని మన ప్రొటెస్టెంట్ పల్పిట్ల మీద తేలిగ్గా అనేస్తుంటారు. అంత సులువుగా లేదు. కృప లేకుండా సొంత క్రియలతో మనిషి నీతిమంతుడు కాగలడని ఎవరైనా అంటే వాళ్ళు శాపగ్రస్తులని 1547లో క్యాథలిక్కుల ట్రెంట్ మహాసభే మొదటి తీర్మానంగా రాసింది. అంతకు వెయ్యేళ్ళకు పైగా ముందే, 418లో, కార్తేజ్ సభ, మనిషి సొంత ప్రయత్నంతోనే నీతిగా బతకగలడన్న పెలాగియస్ బోధను ఖండించింది. 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, క్యాథలిక్ సంఘం కలిసి ఒక ప్రకటన మీద సంతకం చేశాయి. మన యోగ్యతవల్ల కాదు, కృపవల్ల మాత్రమే దేవుడు మనల్ని అంగీకరిస్తాడు, ఆ కృపే మనల్ని సత్‌క్రియలకు సిద్ధం చేస్తుంది అని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. మెథడిస్టులు 2006లో, రిఫార్మ్‌డ్ సంఘాలు 2017లో దానితో కలిశాయి. తేడాలన్నీ తీరిపోయాయని కాదు. కృపలో ఎదగడంలో క్రియల పాత్ర ఏంటి, ఒకసారి పొందిన రక్షణ పోతుందా లాంటి ప్రశ్నలు ఇంకా ఉన్నాయి.

పోతుందా, పోదా అన్నదాని మీద నిజాయితీగా చెప్పాలంటే సంఘాలు ఏకాభిప్రాయానికి రాలేదు. నిజంగా రక్షణ పొందినవాడు చివరిదాకా నిలబడతాడని కాల్విన్ బాటలో నడిచేవాళ్ళు, చాలామంది బాప్టిస్టులు అంటారు. మనిషి ప్రభువును వదిలేసి వెళ్ళిపోయే ప్రమాదం నిజంగానే ఉందని లూథరన్లు, మెథడిస్టులు, పెంతెకొస్తువాళ్ళు ఎక్కువగా అంటారు. నేను ఏ పక్షమో చెప్పినా మీకు పెద్ద ఉపయోగం లేదు. ఎందుకంటే రెండు పక్షాల్లో ఎవరూ, ఒక సినిమాతోనో ఒక ఆదివారంతోనో రక్షణ పోతుందని తమ విశ్వాస ప్రమాణాల్లో రాసుకోలేదు. అది మన పల్పిట్ల మీద పుట్టిన మాట.

మిమ్మల్ని భయపెట్టిన వచనం హెబ్రీ 6:4–6 అని రాశారు, ఒకసారి వెలిగింపబడి తొలగిపోయినవాళ్ళను మళ్ళీ మారుమనస్సుకు తేవడం అసాధ్యం అనేది. అది తేలిగ్గా తీసుకోవాల్సిన వచనం కాదు. కానీ అది ఎవరికి రాశారో చూడండి. హింసకు తట్టుకోలేక క్రీస్తును బాహాటంగా కాదనుకుని వెనక్కి పోదామా అని ఊగిసలాడేవాళ్ళకు. అదే అధ్యాయం తొమ్మిదో వచనంలో ఆ రచయితే "ప్రియులారా" అని పిలిచి, మీరు ఇంతకంటే మంచి స్థితిలో ఉన్నారని నమ్ముతున్నాం అంటాడు. ఆరో వచనం దగ్గర బైబిల్ మూసేసే బోధకులు ఆ తొమ్మిదోది కూడా చదివితే చాలామందికి నిద్ర పట్టేది. నా అనుభవంలో, ఆ వచనం చదివి వణికిపోయేవాళ్ళకు అది వర్తించదు. వర్తించేవాళ్ళకు వణుకు ఉండదు.

అలాంటి ఒకాయన గురించి చెప్పాలి. నేను పనిచేసిన ఒక ఊళ్ళో పెద్ద రైతు. దశమభాగం లెక్క కట్టి తెచ్చిచ్చేవాడు. మందిరంలో ఫ్యాన్లు ఆయన ఇచ్చినవే, రెక్కల మీద ఎర్ర పెయింటుతో ఆయన పేరు ఉండేది. తిరుగుతున్నప్పుడు కనపడదు, కరెంటు పోతే అందరం చదువుకునేవాళ్ళం. సొంత తమ్ముడు అదే మందిరంలో వెనక చాప మీద కూర్చునేవాడు. ఇద్దరికీ మాటల్లేవు. గట్టు జరిపి తమ్ముడి చేలో రెండు సాళ్ళు కలుపుకున్నాడని ఊరందరికీ తెలుసు. బల్ల ఆరాధన (రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల) ముందు రోజు నేను వెళ్ళి అడిగాను. "నేను కృపలో ఉన్నానయ్యగారూ. రక్షణకీ గట్టుకీ ఏంటి సంబంధం?" అన్నాడు.

సంబంధం ఉంది. పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంటికి యేసు వెళ్ళింది జక్కయ్య ఏదో చేసినందుకు కాదు. చెట్టు మీద ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలిచి, నేడు నీ ఇంట ఉండాలి అన్నాడు. అది కృప. ఎవరూ అడగకుండానే జక్కయ్య లేచి, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అని యేసు అన్నది ఆ తర్వాత. ఆ నాలుగంతలు రక్షణకు ధర కాదు. రక్షణ వచ్చిన ఇంట్లో డబ్బు ఎటు పోతుందో అది చూపిస్తుంది. మా రైతు విషయంలో గట్టు వెనక్కి జరగలేదు. అతని రక్షణ సంగతి తేల్చడం నా పని కాదు, దేవుడి పని. ఆ ఆదివారం తమ్ముడితో మాట్లాడి రమ్మని చెప్పి బల్ల మాత్రం ఇవ్వలేదు. ఆయన వేరే చర్చికి మారిపోయాడు. ఫ్యాన్లు మాకే వదిలేశాడు, అది మాత్రం కృపే.

ఇంకో మనిషి. పెద్దాసుపత్రి జనరల్ వార్డులో, తాగి తాగి లివర్ పాడైపోయినవాడు. బాప్తిస్మానికి మంచం దిగలేడు. కానుక వేయడానికి జేబులో రూపాయి లేదు. ప్రార్థన అయ్యాక "ఇప్పుడు దేవుడికి నేనేం చేసి పెట్టగలనయ్యా" అన్నాడు. సిలువ మీద దొంగ సంగతి చెప్పాను. ఆ దొంగ బాప్తిస్మం తీసుకోలేదు, ఒక్క ఆదివారం ఆరాధనకు రాలేదు, అయినా నేడు నాతో పరదైసులో ఉంటావన్న మాట విన్నాడు. అయితే లూకా 23 నెమ్మదిగా చదివితే ఆ దొంగ ఊరికే లేడు. పక్కవాణ్ణి గద్దించాడు, మాకు తగిన శిక్షే పడిందని ఒప్పుకున్నాడు, నన్ను జ్ఞాపకం చేసుకోమని యేసును అడుక్కున్నాడు. చేతులు మేకులకు ఉన్న మనిషి నోటితో చేయగలిగినంత విధేయత అది. వార్డులో ఈ మనిషి కూడా మర్నాడు భార్యను దగ్గరికి పిలిచి, ఆమెకు తెలియకుండా రాసిచ్చిన ప్రామిసరీ నోటు ఎవరి దగ్గర ఉందో, ఎంతకు రాశాడో చెప్పాడు. "నేను పోయాక వాళ్ళు వచ్చి ఎక్కువ చెప్తే నమ్మొద్దు" అన్నాడు. నా లెక్కలో ఆయన చేసిన సత్‌క్రియ అదే, పెద్దదే.

తీతు 2:11–12లో, భక్తిహీనతను వదిలి ఎలా బతకాలో మనకు నేర్పేది కృపే అని ఉంటుంది. నేర్పేది భయం కాదు, కృప. దత్తత తీసుకున్న పిల్లాడు ఆ ఇంటి పద్ధతులు నేర్చుకుంటాడు. తప్పు చేస్తే తిట్లు పడతాయి. కానీ పద్ధతులు పూర్తిగా వచ్చాక దత్తత పత్రం రిజిస్టరు చేద్దామని ఎవరూ ఆగరు. రోమా 8లో పౌలు "దత్తపుత్రాత్మ" అని రాసింది ఇందుకే, మరల భయపడటానికి దాస్యపు ఆత్మను పొందలేదు అని దాని ముందే రాశాడు.

హైదరాబాద్ చర్చి సంగతి. "రిలాక్స్ అవ్వండి" అనడంలో సగమే నిజం. కృప విస్తరించాలని పాపంలో నిలిచి ఉందామా అన్న ప్రశ్న పౌలు కాలంలోనే ఉంది. దానికి ఆయన జవాబు ఒక్క ముక్క, "అట్లనరాదు." కట్నం తీసుకుని, ఆఫీసులో దొంగ బిల్లులు పెట్టి, "దేవుడు మన హృదయం చూస్తాడు బ్రదర్" అనే కుర్రాళ్ళను చాలామందిని చూశాను. దేవుడు హృదయం చూస్తాడన్నది ఊరటే కాదు, హెచ్చరిక కూడా.

ఇక మీ ఊరి సంఘం. దాన్ని తీసిపారేయకండి. ఆ నియమాల వెనక ఒక చరిత్ర ఉంది. మా ఒంగోలు ప్రాంతంలో 1866 నుంచి ఎర్రగుంట్ల పేరయ్యగారి ద్వారా మాదిగ పల్లెల్లో సువార్త పాకినప్పుడు కొత్తగా నమ్మినవాళ్ళు పట్టుకున్న నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. ఈ రోజు చదివితే మామూలుగా అనిపిస్తాయి. ఆ రోజుల్లో ఆదివారం పనికి రామన్నా, జాతరకు డప్పు కొట్టం అన్నా ఊరి పెద్దలు ఊరుకునేవాళ్ళు కాదు. ప్రభువు మాకు యజమాని అని పదిమందిలో చెప్పడమే అది, దానికి వాళ్ళు చెల్లించింది తక్కువేమీ కాదు. 1876–78 ధాత కరువులో మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని ఇచ్చాడు, కానీ ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి కోసం, గింజల కోసం ఎవరూ రాకూడదని. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కృప దగ్గరికి బేరంతో రాకూడదన్న పట్టుదల మన తాతముత్తాతల కాలంలోనే అంత గట్టిగా ఉంది.

సమస్య ఎక్కడొచ్చిందంటే, ఒక కాలంలో సాక్ష్యంగా నిలిచిన నియమాలు తర్వాతి తరాలకు రక్షణ పరీక్షగా మారిపోయాయి. పైగా ప్రతి బోధకుడూ తనకు తోచింది ఒకటి కలిపాడు. బొట్టు, పూలు, గాజులు, గొలుసు, టీవీ, ఇప్పుడు ఫోను. గలతీ సంఘం సరిగ్గా ఇలాగే క్రీస్తుకు ఇంకొకటి కలపబోయింది. "కృపలోనుండి తొలగిపోయియున్నారు" అని పౌలు గద్దించింది వాళ్ళనే. సినిమాకు వెళ్ళినవాళ్ళను కాదు, ధర్మశాస్త్రంతో నీతిమంతులు అవుదామని చూసినవాళ్ళను.

మీ నాలుగు విషయాలకు నా సలహాలు.

నగలు. 1 తిమోతి 2:9లో బంగారం పక్కనే విలువగల వస్త్రాలు కూడా ఉన్నాయి. మెడలో గొలుసు తీసేసి పాతికవేల పట్టుచీరలో వచ్చేవాళ్ళను ఎవరూ ఏమీ అనరు. ఆ వచనం పట్టించుకునేది ఆడంబరాన్ని, లేనివాళ్ళ ముందు ఉన్నవాళ్ళ ప్రదర్శనను. అది మీలో ఉందో లేదో మీకే తెలుసు.

సినిమా. ఏ సినిమా, అది చూశాక మీ మనసులో ఏం మిగిలింది అన్నదే ప్రశ్న. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

ఆదివారం షిఫ్టు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 321లో సెలవు ప్రకటించేదాకా ఆదివారం అందరికీ పనిరోజే. మొదటి క్రైస్తవుల్లో చాలామంది బానిసలు. తెల్లవారకముందో, పొద్దుపోయాకో కూడుకునేవాళ్ళు. కాబట్టి షిఫ్టు పాపం కాదు. కానీ కూడుకోవడం మానవద్దని హెబ్రీ 10:25 చెప్తుంది. దాన్ని షిఫ్టు పేరు చెప్పి దాటేయకండి. వారం మధ్యలో గృహ కూటం ఏదైనా చూసుకోండి. ఒంటరిగా ఫోన్లో ప్రసంగాలు వింటూ ఉంటే ఈ టెన్షన్ ఇంకా పెరుగుతుంది, చాలామందిలో చూశాను.

దశమభాగం. నా జీతం జనం వేసిన కానుకల్లోంచే వచ్చింది కాబట్టి ఇవ్వొద్దని చెప్పే మనిషిని కాను. కానీ ఇశ్రాయేలులో దశమభాగం, ఆలయ సేవ చేస్తూ సొంత భూమి లేని లేవీయుల కోసం. మూడేళ్ళకోసారి అదే పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు పోయేది. కొత్త నిబంధన అంకె పెట్టలేదు, సణుగుకోకుండా మనసులో నిశ్చయించుకుని ఇమ్మంది. మార్కు 7లో యేసు గట్టిగా తిట్టింది ఎవరినో తెలుసా? అమ్మానాన్నలకు ఇవ్వాల్సింది దేవుడికి అర్పితమని చెప్పి ఎగ్గొట్టేవాళ్ళను. మీరు ఇంటికి పంపే సగం జీతం ఆజ్ఞను మీరడం కాదు, అయిదో ఆజ్ఞ. మిగిలినదాంట్లో యాభై రూపాయలైనా సంతోషంగా వేయండి.

నిజంగా తప్పు చేసిన రోజు ఏం చేయాలి? 1 యోహాను 1:9 ప్రకారం ఒప్పుకోండి. ఆ పత్రిక రాసింది విశ్వాసులకే. "మనలో పాపం లేదు అనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకుంటాం" అని ముందు వచనం. ఎవరికైనా నష్టం చేసి ఉంటే వెళ్ళి సరిచేయండి. ఒప్పుకున్నదాన్నే ప్రతి రాత్రి మళ్ళీ మళ్ళీ తవ్వకండి. ఒకటి మాత్రం పాస్టరుగా కాకుండా పెద్దవాడిగా చెప్తున్నాను: నెలల తరబడి నిద్ర పట్టకపోవడం, ఒకే భయం తిరిగి తిరిగి రావడం ఉంటే డాక్టరుకు కూడా చూపించుకోండి. దాన్ని అవిశ్వాసం అనేవాళ్ళ మాట వినకండి.

ఏ సంఘానికి వెళ్ళాలని చివర్లో అడిగారు. పేరు చూసి ఎంచుకోకండి. పడిపోయిన మనిషి ఒకరు తిరిగి వస్తే అక్కడ ఏం చేస్తారో చూడండి. గలతీ 6:1 సాత్వికంతో మంచి దారికి తీసుకురమ్మంటుంది. తప్పును కప్పేసే చోటా అది జరగదు, మనిషిని మైకులో పేరు పెట్టి తిట్టే చోటా జరగదు.

ఇంకోటి, క్రిస్మస్‌కు ఊరెళ్ళినప్పుడు గొలుసు గురించి మీ అమ్మగారితో వాదన పెట్టుకోకండి. ఆరాధనకు వెళ్ళే గంటన్నరసేపు తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటే మీ స్వేచ్ఛకు వచ్చిన నష్టం లేదు. మన స్వేచ్ఛ సాటి విశ్వాసికి అడ్డు కాకూడదని చెప్పే రోమా 14 మొత్తం ఆ ప్రయాణానికి ముందు ఒకసారి చదువుకోండి.